యుద్ధనౌకలకు ప్రత్యేక స్థావరాలు ఎందుకు?

ప్రశ్న: ఇన్ని పెద్ద రేవులుండగా నౌకాదళానికి వేరే స్థావరం దేనికి?

జవాబు: ఓడను నిలపడానికైతే ఏ రేవైనా చాలు. దాన్ని తిరిగి యుద్ధానికి పంపాలంటే ఇంధనం, మందుగుండు, విడిభాగాలు, నీళ్లు తోడేసి ఓడ అడుగును బాగుచేసే డ్రై డాక్ దగ్గర్లో ఉండాలి. మందుగుండు ఎక్కించే జెట్టీ మిగతా వాటికి దూరంగా ఉండాలి. సరుకుల రేవులో అంత జాగా ఖాళీగా వదలరు.

ఇవేవీ లేకపోతే ఏమవుతుందో 1904-05లో జపాన్‌తో యుద్ధానికి బయల్దేరిన రష్యా బాల్టిక్ నౌకాదళానికి తెలిసొచ్చింది. జపాన్ దాకా సుమారు 33 వేల కిలోమీటర్లు. దారిలో సొంత స్థావరం ఒక్కటీ లేదు. జర్మన్ ఓడల నుంచి బొగ్గు నింపుకొన్నారు, మళ్లీ దొరుకుతుందో లేదోనని డెక్‌ల మీద కూడా పోసుకున్నారు. ఆ బరువుకు ఓడలు దిగబడి, పక్కల ఉక్కు కవచం చాలావరకు నీళ్లలోకి పోయింది. అడుగున నాచు పేరుకుని వేగమూ తగ్గింది. 1905 మేలో జపాన్, కొరియాల మధ్య ఉన్న సుషిమా దగ్గర ఎదురుపడ్డ జపాన్ ఓడలు సొంత డాక్‌యార్డుల్లో మరమ్మతు చేయించుకుని సిద్ధంగా ఉన్నాయి. రష్యా దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ప్రశ్న: డ్రై డాక్‌లో ఓడ పక్కకు ఒరగదా?

జవాబు: ఒరగొచ్చు, అందుకే తొందరపడరు. ఓడ అడుగు ఆకారాన్ని బట్టి ముందే దిమ్మెలు పేరుస్తారు. ఓడ లోపలికొచ్చాక గేటు మూసి నీళ్లు తోడతారు. సాధారణంగా వెనుక భాగం ముందు దిమ్మెకు తాకుతుంది. ఓడ మొత్తం దిమ్మెల మీద కూర్చునే వరకూ గండమే: కొంత బరువు దిమ్మె మోస్తుంటుంది, మిగతాది నీరు మోస్తుంటుంది, నిలకడ తగ్గిపోతుంది. ట్యాంకులు సగం సగం నిండి ఉంటే లోపలి ద్రవం ఒకపక్కకు జారి ఒరుగుడును పెంచుతుంది. కాబట్టి వాటిని ముందే పూర్తిగా నింపడమో, ఖాళీ చేయడమో చేస్తారు. దిమ్మెల మీద సరిగ్గా కూర్చుందని డైవర్లు చూసి చెప్పాకే మిగతా నీళ్లు తోడతారు.

ప్రశ్న: ఇలాంటి స్థావరాలు ఎప్పటి నుంచి ఉన్నాయి?

జవాబు: ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన నగరం కార్తేజ్‌లోనే యుద్ధనౌకలకు ప్రత్యేకంగా గుండ్రటి రేవు ఉండేది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో 1495లో డ్రై డాక్ కట్టారు. ఆవిరి ఓడలొచ్చాక అరేబియా తీరంలోని ఏడెన్ లాంటివి బొగ్గు నింపుకునే మజిలీలయ్యాయి. హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద 1941 డిసెంబరు 7న దాడి చేసిన జపాన్ విమానాలు ఓడలను ముంచాయి కానీ చమురు ట్యాంకులనూ, మరమ్మతు షాపులనూ వదిలేశాయి. పెద్ద పొరపాటది. 1942 మే చివర్లో దెబ్బతిని వచ్చిన అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను అక్కడి డాక్‌లోనే మూడు రోజుల్లో అతుకులేసి మిడ్‌వే యుద్ధానికి పంపారు.