డ్రైవ్ పెట్టాక కాటా అంకె ఎగురుతోంది, బాకీ ఆపవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఎలివేటరు, బ్లోయరు మోటార్లకు 30 హెచ్‌పీ వీఎఫ్‌డీ డ్రైవులు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలు) రెండు, ప్యానెల్, కేబులింగ్‌తో సహా 4.20 లక్షలకు ఒక సంస్థ బిగించింది. అవి నడిచినంతసేపూ బస్తాల కాటా 200, 300 గ్రాములు అటూఇటూ ఎగురుతోంది. డ్రయ్యర్ టెంపరేచర్ కూడా నిలవడం లేదు. 'డ్రైవ్ బాగానే ఉంది, మీ ఎర్తింగే తప్పు' అంటున్నారు. 1.40 లక్షల బాకీ ఆపాం. ఎంఎస్‌ఎంఈ కౌన్సిల్‌కు (చిన్న సంస్థల బాకీ తగాదాలు చూసే మండలికి) వెళ్తామంటున్నారు. డ్రైవులు తిరిగిచ్చి మొత్తం డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: మొత్తం డబ్బు రావడం కష్టం. సరుకు తీసుకుని వాడుకున్నాక, 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 13(2) ప్రకారం మామూలుగా మీకు మిగిలేది నష్టపరిహారమే. సెక్షన్ 59 కింద దాన్ని ధరలో తగ్గించుకోనూ వచ్చు. అంటే సరిచేయించే ఖర్చు మేరకు బాకీలో కోత పెట్టవచ్చు.

అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగలు మార్పించకండి, ఇప్పుడే వద్దు. తప్పు డ్రైవ్‌లో ఉందా, బిగింపులో ఉందా, మీ పాత ఎర్తింగ్‌లో ఉందా అన్నదే ఈ కేసు మొత్తం. తీగ కదిలితే ఆ సాక్ష్యం పోతుంది.

డ్రైవ్ సెకనుకు కొన్ని వేలసార్లు వోల్టేజీని తెంచి కలుపుతూ మోటారును నడుపుతుంది. ఆ ఊపుకు మోటారు కేబుల్ నుంచి ఎర్త్‌లోకి, పక్క తీగల్లోకి నాయిస్ (అక్కర్లేని విద్యుత్ సంకేతం) చేరుతుంది. కాటాలో బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్‌సెల్ పూర్తి బరువు మీద ఇచ్చేదే సుమారు 20 మిల్లీవోల్టులు. ఆ కేబుల్‌ను మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో లాగితే అంకె ఎగరక ఏం చేస్తుంది? ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం డ్రైవ్ కాదు, బిగింపు. మీ దగ్గర బిగించిందీ వాళ్లే కాబట్టి అది మీకే అనుకూలం. కేబులింగ్ వాళ్ల పనేనని పీవోలో (కొనుగోలు ఆర్డరులో) రాసి ఉందో లేదో ముందు చూసుకోండి.

జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు తేదీ ఇచ్చి మెయిల్ పెట్టండి. వాళ్లు రాకపోతే చార్టర్డ్ ఇంజినీరుతో చేయించండి. మొదట ఫొటోలు: ట్రేలో కేబుళ్ల మధ్య దూరం, మోటారు కేబుల్‌కు షీల్డ్ (తీగల చుట్టూ లోహపు అల్లిక) ఉందా, ఉంటే రెండు చివరలా క్లాంపుతో చుట్టూ పట్టించారా లేక జడలా మెలేసి స్క్రూకు తగిలించారా. తరువాత వీడియో తీస్తూ పరీక్షలు. డ్రైవ్‌కు సప్లై ఉంచి రన్ ఇవ్వకుండా ఒక రీడింగ్, రన్ ఇచ్చి మరొకటి. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ వోల్టేజీని తెంచి కలిపే వేగం) 8 కిలోహెర్ట్జ్ ఉంటే 2కో 4కో తగ్గించి ఇంకొకటి. కాటాకు తాత్కాలికంగా వేరే దారిలో, మోటారు కేబుల్‌కు దూరంగా, షీల్డెడ్ కేబుల్ వేసి ఒకటి. దారి మార్చగానే అంకె నిలబడితే తప్పు కేబులింగ్‌దేనని తేలినట్టే. డ్రయ్యర్‌లో పీటీ100 సెన్సర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే రకం) అయితే, దాని తీగలు విప్పి కంట్రోలర్ టెర్మినల్స్ దగ్గరే 100 ఓంల రెసిస్టర్ పెట్టించండి. సున్నా డిగ్రీలు నిలకడగా చూపాలి. అప్పుడూ ఎగిరితే నాయిస్ సెన్సర్ తీగలోంచి కాదు, సప్లై, ఎర్త్ లేదా ప్యానెల్ లోపలి నుంచి వస్తున్నట్టు. (ప్యానెల్‌లో చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపి, డ్రైవ్ మీద రాసినంతసేపు ఆగాలి. కెపాసిటర్లలో చార్జి ఉంటుంది.)

డ్రైవ్ తయారీదారు ఇన్‌స్టలేషన్ మాన్యువల్ తెచ్చుకోండి. షీల్డెడ్ మోటారు కేబుల్, ఎర్తింగ్, సిగ్నల్ తీగకు ఎడం గురించి అందులో ఉన్నదాన్ని సప్లయర్ పాటించలేదని చూపగలిగితే వేరే వాదన పెద్దగా అక్కర్లేదు. వీడియోల అసలు ఫైళ్లు ఫోన్‌లోంచి చెరపకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

పరీక్షలు రికార్డయ్యాక బాగుచేయించుకోండి, ఆలస్యం వద్దు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం నష్టం తగ్గించుకునే అవకాశం మీకు ఉందా అని కోర్టు చూస్తుంది. ఆరు నెలలు ఎగిరే కాటాతోనే నెట్టుకొచ్చి ఆ నష్టమంతా అడిగితే రాదు. కాటా, డ్రయ్యర్ పక్కనే ఉన్నాయని ఆర్డరుకు ముందే వాళ్లకు చెప్పిన మెయిల్, వాట్సాప్ ఉంటే వెతకండి. విక్రయ చట్టం సెక్షన్ 16 కింద 'ఈ పనికి పనికిరావాలి' అన్న షరతుకు అదే ఆధారం.

కౌన్సిల్ బెదిరింపును తేలిగ్గా తీసుకోకండి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారా? చెప్పకపోతే చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్‌ఎంఈడీ చట్టం దృష్టిలో అందిన రోజే అంగీకరించినట్టు. బాకీ మీద బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. నోటిమాటగా చెప్పిన అభ్యంతరం లెక్కలోకి రాదు. సప్లయర్‌కు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉందా, మైక్రో లేదా స్మాల్ కిందే ఉందా, తయారీ, సేవ కింద తీసుకున్నారా లేక ఉత్త ట్రేడరా అన్నది చూడండి. కౌన్సిల్‌లో మీరు కౌంటర్ క్లెయిం (ఎదురు దావా) వేయవచ్చని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది.

ఈలోగా బాగుచేయడానికి రెండు కొటేషన్లు తీసుకుని, ఆ మొత్తం మేరకే ఆపి, మిగతాది 'అభ్యంతరాలకు లోబడి' అని రాసి చెల్లించండి. కారణాలు వివరిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. దావాకు గడువు మూడేళ్లు. విలువ 3 లక్షలు, ఆపైన అయితే వాణిజ్య కోర్టు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లక తప్పదు. వినియోగదారుల కమిషన్ మీద ఆశ పెట్టుకోకండి, మిల్లుకు కొన్నది వాణిజ్య అవసరమంటారు.

మరొకటి: నాయిస్ ఫిల్టర్ పెడతానంటూ ఎవరినీ కాటా ఇండికేటర్ సీలు తెరవనివ్వకండి. ఆ పని తూనికలు కొలతల శాఖ లైసెన్సున్న రిపేరరే చేయాలి, తరువాత మళ్లీ ముద్ర వేయించాలి. సీలు తెగిన కాటాతో బస్తాలు తూస్తే అది మీ మీద వేరే కేసు.