చిత్తూరు వైపు చిన్న ఊళ్ళ సినిమా హాళ్ళలో ఆపరేటర్ చేసే పని ఏమిటి? ఆ పని ఎందుకు పోయింది?

మీట నొక్కి కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. పుత్తూరు, పలమనేరు లాంటి ఊళ్ళలో ఫిల్ము ఆడిన కాలంలో ఆట నడవడం, ఆగడం అతని చేతిలోనే ఉండేది.

వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. అంటే రెండున్నర గంటల సినిమాకు 14 రీళ్ళు. రీలు అయిపోవస్తుండగా తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది. వెంటనే తర్వాతి రీలు ఎక్కించి ఉంచిన రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. ఏడు సెకన్లకు మరో చుక్క పడుతుంది, అప్పుడు బొమ్మను మొదటి ప్రొజెక్టర్ నుంచి రెండోదానికి మార్చాలి. ఒక్క ప్రొజెక్టరే ఉన్న టూరింగ్ టాకీసుల్లో రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. సోడాల వాడికి లాభం, ఆపరేటర్‌కు నేల టికెట్ల ఈలలు!

ప్రొజెక్టర్‌లో వెలుతురు రెండు కార్బన్ కడ్డీల మధ్య రగిలే ఆర్క్‌ది, అంటే కరెంటు మంటది. కడ్డీలు కాలేకొద్దీ మధ్య ఎడం పెరిగి బొమ్మ మసకబారుతుంది కాబట్టి వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి. జినాన్ దీపాలు వచ్చాక ఆ తిప్పలు తప్పాయి.

ప్రింటు తరచుగా తిరుపతి లాంటి పట్టణాల్లో ఆడి అరిగాకే చిన్న ఊరికి చేరేది. తెగిన చోట కత్తిరించి అతికించేవారు. పాట మధ్యలో ఒక మాట ఎగిరిపోయేది అందుకే.

2005 తర్వాత సినిమా క్రమంగా ఉపగ్రహం ద్వారా, హార్డ్ డిస్కుల్లో రావడం మొదలైంది. రీళ్ళతోపాటే ఈ చేతిపనీ పోయింది. చాలా హాళ్ళు కల్యాణ మండపాలయ్యాయి.