గ్రోపియస్ ఇంట్లో చూడాల్సింది. పెదవాల్తేరు డాబాకు పెచ్చులెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బోస్టన్‌లో ఉంటోంది. డిసెంబరులో వెళ్తున్నాం. దగ్గర్లోని లింకన్‌లో ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ సొంతిల్లు ఉన్నదున్నట్టు కాపాడుతున్నారట. ఏం చూడాలి? తిరిగొచ్చాక మేమూ ఇల్లు కట్టుకోబోతున్నాం.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పకుండా వెళ్లండి. చలికాలంలో తెరిచే రోజులు తక్కువ, లోపల గైడ్ వెంటే తిరగాలి. కాబట్టి టికెట్ ముందే తీసుకోండి.

జర్మనీలో బౌహౌస్ అనే ఆధునిక డిజైన్ పాఠశాలను స్థాపించిన గ్రోపియస్ 1937లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి అమెరికా వచ్చాడు. హెలెన్ స్టారో అనే ఆవిడ స్థలమూ ఇచ్చి, కట్టడానికి డబ్బూ పెట్టింది. 1938లో ఇల్లు పూర్తయింది. ఇప్పుడు దాన్ని హిస్టారిక్ న్యూ ఇంగ్లండ్ సంస్థ చూసుకుంటోంది.

లోపలికి వెళ్లేముందు గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రోడ్డు మీంచి తెల్లటి కాంక్రీటు డబ్బాలా కనిపించేది నిజానికి చెక్క. ఆ ప్రాంతపు పాత ఇళ్ల మాదిరే చెక్క ఫ్రేము, దానికి నిలువుగా కొట్టిన పలకలు, పునాదికి అక్కడి రాయి. గాజు ఇటుకల్లాంటివి మాత్రం ఫ్యాక్టరీ సరుకు. ఆకారం కొత్తదైనా అక్కడి వడ్రంగికి చేతకాని పని అందులో పెద్దగా లేదు. బయటున్న ఇనుప గుండ్రటి మెట్లు కూతురు ఆటి కోసం పెట్టినవి. ఇల్లంతా దాటకుండా ఆ పిల్ల నేరుగా తన గదికి ఎక్కిపోవచ్చు. బౌహౌస్ డిజైనర్ మార్సెల్ బ్రాయర్ చేసిన ఫర్నిచరుకి అందరూ ఎలాగూ ముచ్చటపడతారు. మీరు మాత్రం దక్షిణపు పెద్ద కిటికీ దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

అక్కడ రెండడుగుల సన్‌షేడ్ ఏం చేస్తుందో లెక్క చూద్దాం. జూన్ నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు 71 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నీడ దాదాపు ఆరడుగులు దిగి అద్దాన్ని కప్పేస్తుంది. మీరు వెళ్లే డిసెంబరులో 24 డిగ్రీలే. నీడ అడుగు కూడా దిగదు, ఎండ గది లోపలిదాకా వస్తుంది. చలిదేశానికి కావలసింది అదే.

ఇదే నమూనా విశాఖకు తెస్తే పప్పులో కాలేసినట్టే. ఇక్కడ జూన్ 21న సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు, దక్షిణపు గోడకు నేరుగా ఎండే తగలదు. డిసెంబరు మధ్యాహ్నం 49 డిగ్రీలు కనుక అదే సన్‌షేడ్ రెండుంపావు అడుగుల నీడ ఇస్తుంది. మనకు అసలు బెడద పడమర. సాయంత్రపు ఎండ అడ్డంగా కొడుతుంది, సన్‌షేడ్ ఎంత వెడల్పు పెట్టినా ఆగదు. అటు కిటికీలు చిన్నవి పెట్టి జాలీ గానీ నిలువు రెక్కలు గానీ కట్టించండి. పెద్ద కిటికీలు సముద్రపు గాలి వచ్చే వైపు ఉంచండి. అయితే 2014 హుద్‌హుద్‌ను మరిచిపోకుండా, అద్దం మందం, ఫ్రేము బిగింపు ఇంజినీరుతో లెక్క కట్టించండి.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేం. మన దేశంలో ఇలాంటిది ఏదైనా ఉందా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: చండీగఢ్ సెక్టార్ 5లో 57వ నెంబరు ఇల్లు. చండీగఢ్‌కు ప్రధాన ప్లానరైన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే బంధువు, ఆ నగరం కోసం ఏళ్లతరబడి పనిచేసిన పియెర్ జానెరే తానే గీసుకుని ఉన్న ఇల్లది. 2017 నుంచి మ్యూజియం. టేపు, నోట్‌బుక్కు తీసుకెళ్లు. కొలవనిస్తారేమో ముందే అడుగు.

ప్రశ్న: మా నాన్నగారు 1966లో సొంతంగా డిజైన్ చేసి కట్టిన డాబా ఇల్లు మాది. సన్‌షేడ్ల కింద పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. రెండుసార్లు ప్లాస్టరింగ్ చేయించినా మళ్లీ ఊడింది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు చూడ్డానికి వస్తామంటున్నారు.
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: పైపూత ఎన్నిసార్లు వేసినా ఊడుతుంది, ఎందుకంటే జబ్బు చువ్వలో ఉంది. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుని కాంక్రీటును చీలుస్తుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 ఇప్పుడు 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వ మీద అంత మందం కాంక్రీటు, అడుగుతోంది. మీ సన్‌షేడ్‌లో ఊడినచోట కొలిస్తే అందులో సగమైనా ఉంటుందని అనుకోను.

చిన్న సుత్తితో తట్టించండి. డొల్లగా మోగిన మేరంతా, దానవతల మరో నాలుగంగుళాలు చెక్కించాలి. అలా చెక్కకపోతే అతుకు బాగానే ఉండి, దాని అంచున పాత కాంక్రీటులో ఉప్పు మిగిలినచోట చువ్వను తుప్పు మరింత వేగంగా తింటుంది. మీకు రెండుసార్లూ జరిగింది ఇదే కావచ్చు. చువ్వ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేయించి, ఇనుము మెరిసేదాకా తుప్పు తీయించండి. చువ్వ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. తర్వాత జింక్ ప్రైమరు, ఆపైన పాలిమర్ కలిపిన సిమెంటు మాలు పొరలు పొరలుగా, మంచినీళ్లతో క్యూరింగ్. ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దే వద్దు. ఫినాఫ్తలీన్ పరీక్షలో గులాబీ రంగు వచ్చింది, భయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అది క్షారం మిగిలి ఉందో లేదో చెబుతుందే గానీ ఉప్పు సంగతి చెప్పదు. దానికి క్లోరైడు పరీక్ష వేరేగా చేయించాలి.

విద్యార్థుల్ని ముందే రమ్మనండి. చెక్కకముందు ప్రతి సన్‌షేడ్‌నూ కొలిచి, ఫొటోలు తీసి, అంచు వంపు, నీరు కారే గాడి లోతు గీసిపెట్టమనండి. మేస్త్రీ తిరిగి అదే ఆకారం తేవాలంటే ఆ గీతలే ఆధారం. ఎనిమిదేసి మందిని మించి లోపలికి పంపకండి. మరమ్మతు అయ్యేదాకా ఊడుతున్న సన్‌షేడ్ల కింద తాడు కట్టి, ఎవరినీ నిలబడనివ్వకండి.