ఎవరికి పడితే వాళ్ళకి పంపితే అది ర్యాండమేనా?

ప్రశ్న: మేడమ్, నేను సైకాలజీలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. నిద్రలేమికీ ఆందోళనకీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫామ్ పెడితే 212 మంది నింపారు. నేను ఎవర్నీ ఏరుకోలేదు కాబట్టి ‘ర్యాండమ్ శాంప్లింగ్’ అని రాశాను. మా గైడ్ ఆ మాట కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇంకో 300 మందిని చేరిస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకమ్మా. పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఏటా ఒకరిద్దరి ప్రాజెక్టుల్లోనైనా ఈ మాట నేనూ కొట్టేశాను. ఇందులో నీ తప్పు సగం, మాట తప్పు సగం. మామూలుగా ‘ర్యాండమ్‌గా’ అంటే ఎవరు తగిలితే వాళ్ళని అర్థం. పరిశోధనలో ఆ మాటకి దాదాపు తలకిందుల అర్థం. ముందు నువ్వు ఎవరి గురించి చెప్పదలచుకున్నావో వాళ్ళందరి జాబితా ఉండాలి. అందులో ఎవరెవరు రావాలో చీటీలో కంప్యూటరో తేల్చాలి, నీ వీలూ వాళ్ళ ఇష్టమూ కాదు. జాబితాలోని ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే లెక్క తెలిసి ఉండాలి. నీ ఫామ్ విషయంలో ఆ లెక్క చెప్పగలవా? ఆ గ్రూపుల్లో లేనివాడి అవకాశం సున్నా. ఉన్నవాళ్ళలోనూ తీరికా ఆసక్తీ ఉన్నవాళ్ళే నింపారు. దీన్ని కన్వీనియెన్స్ శాంపిల్ అంటారు, అంటే అందుబాటు నమూనా.

ఇదే పొరపాటు నేనూ చేశాను. నా మొదటి పరిశోధన పరీక్షల భయం మీద. సాయంత్రాలు లైబ్రరీ గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వచ్చిన ప్రతివాళ్ళ చేతా ప్రశ్నావళి నింపించాను. ఒక్కర్నీ వదల్లేదని గొప్ప సంబరం. విద్యార్థుల్లో పరీక్షల భయం తక్కువేనని తేలింది. మా గైడ్ అంతా విని ఒక్కటే అడిగారు: “భయంతో పుస్తకమే ముట్టనివాడు లైబ్రరీ మెట్లు ఎక్కుతాడా?” నేను వెతుకుతున్న మనుషులు నేను నిలబడ్డ చోటికి రానేరారు. మూడు నెలల పని మళ్ళీ మొదటికొచ్చింది.

నీ విషయంలోనూ అలాంటి మెలిక ఉందేమో చూడు. ఫామ్‌లో జవాబులు వచ్చిన సమయాలు నమోదై ఉంటాయి. అర్ధరాత్రి దాటాక నింపినవాళ్ళు ఎక్కువమంది ఉంటే, నిద్రపట్టనివాళ్ళే నీ శాంపిల్‌లో ఎక్కువగా చేరారన్న అనుమానం రావాలి. పైగా ‘నిద్రలేమిపై సర్వే’ అని పేరు పెట్టి ఉంటే, హాయిగా నిద్రపోయేవాళ్ళు దాన్ని తెరిచి ఉండరు. అందరూ నిద్రపట్టనివాళ్ళే అయితే నిద్రకీ ఆందోళనకీ ఉన్న సంబంధం కూడా లెక్కలో అసలుకంటే బలహీనంగా కనబడవచ్చు.

ఇక 300 మంది సంగతి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి, ఎవరికి ఓటేస్తారో అడుగుతూ పోస్టులో కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కార్ల జాబితాల్లోవి. మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఎవరికుంటాయో వేరే చెప్పాలా? కార్డు పట్టించుకుని తిరిగి పంపినవాళ్ళు మళ్ళీ అందులో ఒక రకం. అదే నిజంగా ర్యాండమ్‌గా తీసిన 1,000 మంది ఉంటే, శాతాల్లో పొరపాటు సుమారు 3 శాతం అటూఇటూగా ఉంటుంది. వంకరగా తీసిన శాంపిల్‌ని ఎంత పెంచినా ఆ వంకర అలాగే ఉంటుంది.

కాబట్టి ‘అందుబాటు నమూనా’ అనే రాయి. ఏ గ్రూపుల్లో, ఎన్ని రోజులు, ఏ మాటలతో అడిగావో, నింపినవాళ్ళ వయసులేమిటో, ఆడ మగ ఎందరో వివరంగా పెట్టు. ‘విద్యార్థులందరూ’ అన్న మాట ముగింపులోంచి తీసెయ్. వ్యవధి ఉంటే మీ విభాగం హాజరుపట్టీ అడిగి, మొదటి సంవత్సరం నుంచి ఇంతమంది, రెండో సంవత్సరం నుంచి ఇంతమంది అని విడివిడిగా చీటీలు తియ్. ఇది స్తరీకృత నమూనా. కాకపోతే పేరు వచ్చినవాళ్ళు జవాబివ్వకపోతే పక్కవాణ్ణి రాయించుకుని సరిపెట్టకు. వాళ్ళ వెంటే మళ్ళీ మళ్ళీ పడాలి. అసలు కష్టమంతా అక్కడే.

ప్రశ్న: మా ప్రయోగానికి వచ్చిన 40 మంది వాలంటీర్లను చీటీలు తీసి రెండు గ్రూపులు చేశాం. మాది ర్యాండమ్ శాంపిలే కదా?

జవాబు: కాదండీ, మీరు చేసింది ర్యాండమ్ అసైన్‌మెంట్. రెండు గ్రూపుల మధ్య తేడా మీరు చేసిన పనివల్లే వచ్చిందని చెప్పడానికి అది పనికొస్తుంది. ఆ ఫలితం బయటివాళ్ళకి వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2007లో కార్నహాన్, మెక్‌ఫర్లాండ్ అనే పరిశోధకులు ఒక మానసిక అధ్యయనానికి వాలంటీర్లు కావాలని రెండు రకాల ప్రకటనలు ఇచ్చి చూశారు. ఒకదాంట్లో ‘జైలు జీవితంపై’ అన్న మాట ఉంది, రెండోదాంట్లో లేదు. ఆ మాట చూసి వచ్చినవాళ్ళలో దూకుడు ఎక్కువగా, సానుభూతి తక్కువగా కనిపించాయి. మీ ప్రకటనలో ఏం రాశారో మళ్ళీ ఒకసారి చదవండి.

ప్రశ్న: స్నోబాల్ శాంపిల్ అంటే మా డిపార్ట్‌మెంట్‌లో చిన్నచూపు. నిజంగా అంత తక్కువరకమా?

జవాబు: అసలు జాబితాలే లేనివాళ్ళ గురించి చదువుతుంటే, ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకోవడం తప్ప దారేముంది? మొదట కలిసిన నలుగురూ ఒకే స్నేహబృందం వాళ్ళు కాకుండా చూసుకోండి, చాలు.