మరపు వేరు, మరులు వేరు

సందేహం: ప్రొద్దుటూరులో ఇంటినుంచే అమెరికా ఆసుపత్రులకు మెడికల్ కోడింగ్ చేస్తుంటాను. డాక్టరు రాసిన జబ్బు పేరుకు తగిన ఐసీడీ కోడ్ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోని సంకేతం) వేయడం నా పని. ‘డిమెన్షియా’ను పత్రికలు ‘చిత్తవైకల్యం’ అంటున్నాయి. మేము ‘మతిమరుపు’ అంటాం. మా జేజి మాత్రం ‘అరులు మరులు’ అంటుంది. మరులంటే మరపేనా? ఈ మూడింటిలో ఏది ఒప్పు?

సమాధానం: ముందు మీ జేజికి నా నమస్కారం చెప్పండి. మీ ముగ్గురిలో మాటను తూచి వాడింది ఆమే.

మరులు, మరపు ఒకటి కావు. చెవికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. ‘మరపు’ అసలు రూపం ‘మఱపు’, ధాతువు మఱచు. అందులోది బండి ‘ఱ’. ‘మరులు’లోది మామూలు ‘ర’. బండి ఱను మనం అటకెక్కించాం. దాంతో రెండు వేర్వేరు వంశాల పిల్లలు కవలల్లా కనిపించడం మొదలయింది. అరవంవాళ్ళు ఆ పని చేయలేదు కాబట్టి సాక్ష్యం అక్కడ దొరుకుతుంది: మరచిపోవడానికి ‘మఱ’, మరపుకు ‘మఱది’, దిక్కు తోచకపోవడానికి, మనసు కలతపడటానికి ‘మరుళ్’. రెండు రకాల ర, రెండు అర్థాలు. కన్నడంలోనూ మరపు ‘మరెవు’, వెర్రి ‘మరుళు’, వెర్రివాడు ‘మరుళ’. తుళువాళ్ళు పిచ్చిని నేటికీ ‘మర్ల్’ అనే అంటారు. మరి మన తెలుగువాళ్ళం ఈ మాటను ఏం చేశాం? కావ్యనాయికలకు అప్పగించాం. ‘మరులుకొన్నది’ అంటే వలచింది. వలపు కూడా ఒక దారితప్పడమే కాబట్టి కవులను తప్పు పట్టను. తరవాత సినిమా పాటలవాళ్ళు వచ్చి ఆ ఒక్క అర్థాన్నే మిగిల్చి తక్కినది ఊడ్చేశారు. వాళ్ళను మాత్రం పడతాను.

పాత అర్థం పూర్తిగా చావలేదు. అడవికి కట్టెలకు పోయేవాళ్ళు ‘మరులుతీగ తొక్కితే దారి తప్పుతాం’ అనేవారు. తిరిగిన చోటే తిరుగుతుంటారట, ఇల్లు ఎదురుగా ఉన్నా కనపడదట. ‘అరవై ఏండ్లకు అరులు మరులు’ అన్న సామెత కన్నడంలో ‘అరవత్తక్కె అరళు మరళు’గా ప్రసిద్ధం. మడకశిర, రాయదుర్గం వైపు రెండు భాషలూ ఒకే అరుగుమీద కూర్చుంటాయి గనుక ఎవరు ఎవరికిచ్చారని పంచాయితీ పెట్టను. ‘అరులు’ మాత్రం జంటకోసం వచ్చిన మాటలాగే తోస్తుంది.

నా చిన్నప్పుడు మా పెద్దవ్వ తన ఇంటి అరుగుమీదే కూర్చుని, ‘పొద్దు గూకుతాంది నాయనా, మాయింటికి పోవల్ల’ అనేది. ఆమెకు పాటలు గుర్తున్నాయి, పద్యాలు గుర్తున్నాయి, ఎవరు ఎంత బాకీ ఉన్నారో కూడా గుర్తుంది. తానున్నది తన ఇల్లన్నదే తెలియదు. దాన్ని మరపంటామా? మా వీధివాళ్ళు అనలేదు. మరులన్నారు.

ఇప్పుడు మీ కోడ్ల దగ్గరకు వద్దాం. డాక్టరు ఉత్త ‘డిమెన్షియా’ అని రాసి ఊరుకుంటే మీరు ఎఫ్ 03 వేస్తారు. రక్తనాళాల జబ్బు వల్ల వచ్చిందంటే ఎఫ్ 01. ఆల్జైమర్స్ వల్లనైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక పదో కూర్పులో జబ్బుకు జీ 30, దాని వల్ల వచ్చిన మరులుకు ఎఫ్ 00; మొదటిదానికి బాకు గుర్తు (†), రెండోదానికి నక్షత్రం గుర్తు (*). మీరు వాడే అమెరికా కూర్పులో ఎఫ్ 00 లేదు, జీ 30 పక్కన ఎఫ్ 02 వేయాలి. నాకు ఇందులో నచ్చింది ఆ జంట. మెదడులోని రోగం ఒకటి, మనిషిలో కనపడేది ఇంకొకటి అని విడదీసి రెండు గళ్ళు పెట్టారు. ఆల్జైమర్ అన్న జర్మన్ డాక్టరు 1906లో తన రోగి మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పింది మొదటి గడి సంగతి. మన అవ్వలు చెప్పేది రెండో గడి సంగతి. మన పత్రికలవాళ్ళు ‘ఆల్జైమర్స్ అనే మతిమరుపు’ అని రెండు గళ్ళనూ చెరిపి, పైగా మూడోదాన్ని తెచ్చి కలుపుతారు. ఉత్త మతిమరుపుకు ఆ పుస్తకంలోనే ఆర్ 41.3 అని వేరే చోటు ఉంది! జ్వరంలో ఉన్నట్టుండి మతి చెదిరి ఏదేదో మాట్లాడటం ఎఫ్ 05; మనవాళ్ళు దాన్ని ‘సంధి’ అన్నారు, ‘సంధి ప్రేలాపన’ అన్నారు. సంధి గంటల్లో, రోజుల్లో వస్తుంది. మరులు నెలలూ ఏండ్లూ పాకుతుంది. పదో కూర్పు ప్రకారం గట్టిగా నిర్ధారించాలంటే లక్షణాలు ఆరు నెలలైనా ఉండాలి. అంటే మరపు, మరులు, సంధి అని జేజమ్మలు ఏనాడో మూడు గళ్ళు గీసి పెట్టారు. చదువుకున్నవాళ్ళం మూడింటినీ ఒకే బుట్టలో పోశాం.

‘డిమెన్షియా’ లాటిన్ మాట. ‘డి’ అంటే తొలగిపోవడం, ‘మెన్స్, మెంతిస్’ అంటే మనసు. ఈ మెంతికీ మన మెంతులకూ సంబంధం లేదు. సంస్కృత ‘మతి’కి ఉంది, రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. కాబట్టి డిమెన్షియాకు మాటకు మాట తెలుగు ‘మతి పోవడం’. కానీ చీర బాగుందన్నా మతిపోయిందనే రోజులు. ఇక ఆ మాటను ఆసుపత్రి కాగితంమీద ఎవరు నమ్ముతారు?

చిత్తవైకల్యం తప్పుమాట కాదు, వ్యాకరణం నిలుస్తుంది. కాని ఊళ్ళో ఆ మాట వింటే పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. జపానువాళ్ళు తమ పాత పేరులో మూఢత్వం వాసన ఉందని 2004లో మార్చుకున్నారు. అమెరికా మనోవైద్యులు తమ జబ్బుల పుస్తకం (డీఎస్ఎం) 2013 కూర్పులో డిమెన్షియా మాటనే వెనక్కి నెట్టారు. మనం ఎదురు నడుస్తున్నాం. ఉన్మాదం అందామా, అది వేరు. చాదస్తం అందామా, అది ఛాందసం నుంచి వచ్చింది, జబ్బు కాదు.

ఈ సందర్భంలో ధూర్జటి గుర్తుకు రాకపోతే నా మతినే అనుమానించాలి. ‘దంతంబుల్ పడనప్పుడే’ అని మొదలుపెట్టి, పళ్ళూడకముందే, ముసలితనం పైన పడకముందే, జుట్టు నెరవకముందే, శ్రీకాళహస్తీశ్వరా, నీ పాదాలను ‘చింతింపన్ వలె’ అన్నాడు. ఒళ్ళు చేసే మోసాలన్నీ లెక్కపెట్టాడు కాని, మతి తప్పకముందే అని విడిగా అనలేదు. అక్కర్లేదు. చింతించడానికి మతి ఉండాలి కదా, అది ఆ క్రియలోనే ఉంది. వ్యాఖ్యాతలు దీన్ని పట్టించుకోరు.

మీ ప్రశ్నకు జవాబు: ఫైల్లో డిమెన్షియా అనే ఉంచండి, కోడ్ వేసేచోట అదే క్షేమం. మతిమరుపు అని రాయకండి, అది వేరే గడి. ‘మరులు’ వాడమంటారా? వాడితే తప్పనను. వాడమని ఆజ్ఞాపించేంత ధైర్యమూ లేదు. ‘తాతకు మరులు’ అని చదివి ఇంట్లోవాళ్ళు ఇంకోలా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ‘అరులు మరులు’ అని జంటగా అంటే ఆ చిక్కు రాదనుకుంటాను.

ఇంకొకటి, మీరు అడగలేదు గాని. ‘మతిమరుపు’ అని రాశారు. నేను ‘మరపు’ అంటాను. మరుపన్నవారితో జగడం పెట్టుకోను.