ఈత రాదని ఒడ్డున కూర్చోకండి

"నాకు నలభై ఎనిమిదేళ్లు, ఈత రాదు. జనవరిలో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నాం. ఒడ్డు నుంచి నడిచి వెళ్లి పగడాలు చూసే స్నార్కెలింగ్ నా వల్ల అవుతుందా? ఏ ప్యాకేజీ మంచిది?" అని మీరు అడిగారు.

తప్పకుండా అవుతుంది. నేను యాభై రెండో ఏట చేశాను. నాకు ఇప్పటికీ ఈత రాదు. విజయనగరంలో పుట్టి పెరిగాను, భీమిలి సముద్రాన్ని లెక్కలేనన్ని సార్లు చూశాను, కానీ మోకాళ్లు దాటి ఏనాడూ దిగలేదు. ప్యాకేజీ సంగతి తరువాత చెబుతాను. దానికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది.

ఇక్కడ కష్టమంతా ఊపిరితోనే. లైఫ్ జాకెట్టు మనిషిని మునగనివ్వదు, ఉప్పునీరు కూడా తన వంతుగా తేలుస్తుంది. కళ్లకు అద్దమున్న మాస్కు ముక్కును పూర్తిగా మూసేస్తుంది, నీటి పైకి ఉండే గొట్టం నుంచి నోటితోనే పీల్చాలి. పుట్టిన నాటి నుంచి ముక్కుతో పీల్చిన ప్రాణం, ముఖం నీళ్లలో ఉండగా నోటితో పీల్చమంటే ఒక పట్టాన ఒప్పుకోదు. దాన్ని ఒప్పించడం తెలిసిన గైడు దొరికితే మీరు చూస్తారు, దొరకకపోతే ఈత వచ్చినవారు కూడా చూడలేరు. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

నాకు మొదటి రోజు దొరకలేదు. అండమాన్‌లోనే ఒక దీవిలో పడవ ప్యాకేజీ తీసుకున్నాం. పన్నెండు మందికి ఇద్దరు కుర్రాళ్లు. ఎవరి ముఖానికి ఏ మాస్కు అతుకుతుందో చూడలేదు, చేతికందింది ఇచ్చారు. తాడు కట్టిన రబ్బరు ట్యూబు చూపించి "పట్టుకోండి, మేము లాగుతాం" అన్నారు, అంతే. పడవ మెట్ల మీదుగా నేరుగా లోతు నీళ్లలోకి దిగాను. కాళ్లకు నేల తగలలేదు. అలవాటు కొద్దీ ముక్కుతో పీల్చాను, మాస్కు పిండినట్లు ముఖానికి పట్టేసింది. ఉలిక్కిపడి నోరు తెరిచాను, గొట్టం జారి గొంతు నిండా ఉప్పునీళ్లు. రెండు నిమిషాలైనా కాలేదు. "మీరు పైన కూర్చోండి ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి. మిగిలిన సమయమంతా పడవలో కూర్చుని మావారివి, పిల్లలవి, తెలియనివారివి కూడా ఫోన్లు, కళ్లజోళ్లు, గడియారాలు ఒళ్లో పెట్టుకుని కాపలా కాశాను.

ఇది నా బాధ ఒక్కటే కాదు, అందుకే ఇక్కడ ఆగి చెబుతున్నాను. మన కుటుంబాలు సముద్రానికి వెళ్లినప్పుడు సంచుల దగ్గర, చెప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారో గమనించండి. ఎప్పుడూ అమ్మ, లేదా అత్తగారు. "మీరు తడవకండి" అనడం ప్రేమే కావచ్చు. కానీ టికెట్టు డబ్బు ఆవిడ తరఫున కూడా కట్టారు, ఓడలో వాంతుల బాధ ఆవిడ కూడా పడ్డారు. వచ్చిన దగ్గర ఆవిడ చూసేది మాత్రం ఎండలో ఆరుతున్న తువ్వాళ్లు. నాకు ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

మరునాడు నీల్ దీవికి వెళ్లాం. 2018 డిసెంబరులో దాని పేరు షహీద్ ద్వీప్‌గా మారింది, కానీ మేము వెళ్లినప్పుడు ఆటోవాళ్లందరూ నీల్ అనే అన్నారు. చిన్న దీవి, కూరగాయల తోటలు, కొబ్బరి, పోక చెట్లు. ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. భరత్‌పూర్ తీరం జెట్టీ పక్కనే ఉంటుంది. తెల్లటి ఇసుక, చాలా దూరం వరకు లోతు లేని నీళ్లు, ఆపైన పగడాలు.

అక్కడ మాకు దొరికిన గైడు తెలుగువాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లిన కుటుంబం. ఆశ్చర్యపోకండి, 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల జనంలో పదిమందిలో ఒకరికి పైగా మాతృభాష తెలుగే. విశాఖ రేవు నుంచి అక్కడికి ప్రయాణికుల ఓడ కూడా ఉంది. దీవికి చేరిన సాయంత్రం అతనితో మాట్లాడినప్పుడు "నాకు కుదరదు బాబూ, నిన్ననే ప్రయత్నించాను" అన్నాను. "నడుము లోతులో నిలబడగలరా అమ్మా?" అని అడిగాడు. నిలబడగలనన్నాను. "అయితే చాలు. ఎల్లుండి పున్నమి, రేపు పోటు ఎనిమిది దాటాక నిండుతుంది. ఏడున్నరకు రండి" అన్నాడు.

ఈ పోటు సంగతి ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాయరు. పోటుకూ పోటుకూ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు పడుతుంది కనుక రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తీసిన వేళ వెళితే భరత్‌పూర్‌లో పగడాల మీద నీళ్లు ఎంత తగ్గుతాయంటే, తేలుతున్న మనిషి పొట్ట గీరుకుంటుంది. పోటు నిండే వేళ నీళ్లు నిమ్మళంగా, తేటగా ఉంటాయి. మన జాలరులకు తిథి చూస్తే పోటు తెలుస్తుంది, హోటల్ కౌంటరులో మాత్రం "ఎప్పుడైనా వెళ్లవచ్చు" అంటారు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు వెళ్లాం. మొదట అతను మాస్కు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా పీల్చి చేతులు వదలమన్నాడు. పడిపోతే ఆ మాస్కు మన ముఖానిది కాదు. నాలుగోది నిలిచింది. అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు వస్తుందని జడ వెనక్కి బిగించాడు, నుదుటి మీద బొట్టు బిళ్ల తీసి రమ్మన్నాడు. మావారికి మీసం వల్ల ముక్కు కింద నుంచి నీరు చేరుతూనే ఉంది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్దుతారట. ఎంగిలి అని నేను వెనకాడితే ఏమీ అనకుండా పసిపిల్లల షాంపూ ఒక చుక్క వేసి కడిగి ఇచ్చాడు.

తరువాత నడుము లోతులో నిలబెట్టాడు. కాళ్ల కింద ఇసుక. "ఈదవద్దమ్మా. వంగి ముఖం నీళ్లలో పెట్టి ఇరవై ఊపిరులు లెక్కపెట్టండి. వదిలేటప్పుడు పొడవుగా వదలండి." మూడు దగ్గర లేచేశాను. ఏమీ అనలేదు. మళ్లీ ఏడు దగ్గర. "గొట్టంలో నీళ్లు వస్తే పొయ్యి ఊదినట్లు ఒక్కసారి గట్టిగా ఊదండి" అన్నాడు. ఆ మాట నాకు వెంటనే పట్టింది, చిన్నప్పుడు కట్టెల పొయ్యి ఊదిన నోరే కదా. నాలుగోసారి ఇరవై దాటి ఇరవై ఆరు దాకా లెక్కపెట్టాను. ఎప్పుడు భయం పోయిందో గుర్తు లేదు. మొదటి రోజు పడవలో ఇంకేమైనా చెప్పి ఉన్నా, అది హిందీలో, వేగంగా, ఇంజను మోతలో. ఊపిరికి సంబంధించిన మాట సొంత భాషలో వినాలని నా గట్టి నమ్మకం. భయంలో ఉన్న మనిషి బుర్రలో అనువాదానికి చోటుండదు.

సైగలు కూడా అక్కడే నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో "పైకి తీసుకెళ్లండి" అని అర్థం, కాబట్టి బాగుందని చెప్పడానికి అది చూపకూడదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. "చిన్ముద్ర అమ్మా" అన్నాడు. ఇక మరిచిపోతానా?

ట్యూబు పట్టుకుని ముందుకు కదిలాం. అతను, నేను, మా అమ్మాయి, ముగ్గురమే. మొదట ఇసుక, దాని మీద నల్లగా, బొద్దుగా సముద్ర దోసకాయలనే ప్రాణులు. తరువాత గడ్డి. సముద్రంలో గడ్డి ఉంటుందని నేను ఎరగను. అండమాన్ అధికారిక జంతువు డ్యూగాంగ్, అంటే సముద్రపు ఆవు, మేసేది ఆ గడ్డినే. అది కనపడలేదు, అంత సులభంగా కనపడదట. ఆ గడ్డి దాటగానే ఒక్కసారిగా రంగులు మొదలయ్యాయి.

నేను ముందు విన్నాను, తరువాత చూశాను. ఎవరో పక్కన మరమరాలు నములుతున్నట్లు కరకరమని చప్పుడు. నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది. అది నమిలి మింగిన రాయే పిండి పిండిగా బయటికి వస్తుందని, మేము నడిచి వచ్చిన తెల్లటి ఇసుకలో చాలా భాగం అలా తయారైనదేనని ఒడ్డుకు వచ్చాక గైడు చెప్పాడు. కొమ్మల పగడం మీద గోళీలంత నీలి చేపలు వందల్లో ఉన్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి కొమ్మల్లోకి దూరి, నేను కదలకుండా ఉంటే మళ్లీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక పెద్ద బండ పగడం నిండా వేలి కొసంత రంగురంగుల పురుగులు, చిన్న చిన్న క్రిస్మస్ చెట్లలా. గైడు దూరం నుంచి చెయ్యి ఆడించగానే టక్కున లోపలికి. పిల్లలు నీమో అని పిలిచే నారింజ రంగు చేప ఎనిమోన్ అనే సముద్ర జీవి కుచ్చుల్లోంచి బయటికి వచ్చి మమ్మల్ని ఎదిరించింది. ఆ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది ఆడది, అది పోతే తరువాతి మగది ఆడదిగా మారుతుందట. నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి కనుక అరచేతిలో పట్టే ఆ చేప నాకు మరీ పౌరుషంగా కనిపించింది. నలభై నిమిషాలు గడిచాయని బయటికి వచ్చాకే తెలిసింది.

మధ్యలో తెల్లగా, ఎముకల పోగులా ఉన్న చోట్లు కూడా దాటాం. పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే నాచు దానికి తిండి పెడుతుంది. నీళ్లు అతిగా వేడెక్కితే నాచు వెళ్లిపోతుంది, పగడం పాలిపోతుంది. ఎక్కువ రోజులు అలాగే ఉంటే చచ్చిపోతుంది. 2010లో అండమాన్ పగడాలు ఈ వేడికి బాగా దెబ్బతిన్నాయి. బండ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుమెత్తు బండ కనిపిస్తే దాని వయసు వందేళ్లని అనుకోండి. అలాంటి దాని మీద అలసటగా ఉందని ఇద్దరు పర్యాటకులు ఎక్కి నిలబడ్డారు, ఫొటో కోసం చేతులు చాపి. మా గైడు వెళ్లి దించాడు. వాళ్లు కోప్పడ్డారు కూడా. ఇంకొకరు చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు విసురుతున్నారు. బిస్కెట్లు చేపలకు తిండి కాదు, అలవాటైతే అవి తమ తిండి తాము వెతుక్కోవడం మానేస్తాయి. ఒడ్డున ఏరిన పగడం ముక్కలు సంచిలో వేసుకోవడం ఇంకో అలవాటు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన ముక్క అయినా నేరమే. గుడి నుంచి రాయి పెకలించుకుని వస్తామా?

మీ విషయానికి వస్తాను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి జనవరి మంచి నెల. చీర, చుడీదారు, జీన్సు వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒంటికి అతికే పొడవు చేతుల చొక్కా, లెగ్గింగు వేసుకోండి. వీపుకు ఎండ దెబ్బ తగలదు, ఒంటినిండా క్రీము పూసుకుని ఆ నీళ్లలో కలపవలసిన పనీ ఉండదు. గుండెకో రక్తపోటుకో మందులు వాడుతుంటే ముందే మీ డాక్టరును అడగండి. అక్కడ మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న తీరంలో ఎవరు ఎంత చెప్పినా దిగవద్దు. ఉప్పునీటి మొసళ్లు ఆ దీవుల్లో నిజంగా ఉన్నాయి.

ప్యాకేజీ పేరు నేను చెప్పను. ఫోను చేసి రెండు ప్రశ్నలు అడగండి. ఒక గైడుకు ఎంతమంది? లోతుకు తీసుకెళ్లే ముందు నడుము లోతులో ఎంతసేపు నిలబెడతారు? రెండో ప్రశ్నకు "అదేమీ అక్కర్లేదు మేడమ్, మేము లాగుతాం" అంటే ఫోను పెట్టేయండి. వీడియో ఉచితం, ఫొటోలు ఉచితం అని మొదలుపెట్టినా అంతే. నీళ్లలో ఉన్నంతసేపూ మీరు కెమెరా వైపు చూస్తూ గడిపేస్తారు.

ఒక మాస్కూ గొట్టమూ ముందే కొనుక్కుని ఇంట్లో అభ్యాసం చేసి వెళ్లండి. మా అమ్మకు డెబ్బై ఒకటి. డాక్టరు సరే అన్నారు, ఫిబ్రవరిలో నీల్‌కు తీసుకెళ్తున్నాను. పెరట్లో స్టూలు మీద కూర్చుని, పాత ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పోయించుకుని, రోజూ పొద్దున్నే ముఖం అందులో పెడుతోంది. మొన్న పదకొండు ఊపిరులు. నిన్న పద్దెనిమిది.