పచ్చి కూరగాయల నూడుల్స్‌కి ఏ స్పైరల్ స్లైసర్ కొనాలి? ముందు ఏ కూర తింటారో తేల్చుకోండి

మీరు అడిగినవి మూడు సంగతులు. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి రాత్రిపూట అన్నం తగ్గించి పచ్చి కూరగాయల నూడుల్స్, అంటే కూరని తిప్పుతూ కోస్తే నూడుల్స్‌లా వచ్చే పొడుగాటి పోగులు, పెడదామనుకుంటున్నారు. అలా కోసే పరికరమే స్పైరల్ స్లైసర్. చేత్తో తిప్పే చిన్న స్లైసర్ కొనాలా, గట్టు మీద పెట్టి హ్యాండిల్ తిప్పేది కొనాలా తేలడం లేదు. స్నేహితురాలి ఇంట్లో చూసినప్పుడు క్యారెట్ ముక్కలై రాలిందని, కీరా అంతా నీళ్ళు కారిందని రాశారు. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి, రెండూ వాడుతూనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్లేడ్లు ఎన్ని ఇచ్చారో చూసి కొనకండి. మీ ఇంట్లో తరచుగా పచ్చిగా తినబోయే కూర ఏదో ముందు తేల్చుకోండి, ఏ పరికరం కావాలో దాన్నిబట్టే తెలిసిపోతుంది. కీరా దోసకాయ, జుకినీ (కీరాలా కనిపించే, గుమ్మడి జాతి కాయ), లేత సొరకాయ లాంటి మెత్తటివే ఎక్కువైతే చేతి స్లైసర్ చాలు. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, నూల్‌కోల్ లాంటి గట్టివి ఎక్కువైతే హ్యాండిల్ ఉన్నదే కావాలి. ఏడు బ్లేడ్లు, పది బ్లేడ్లు అని పెట్టె మీద ఎంత పెద్దగా రాసినా మన వంటింట్లో పనికొచ్చేవి మూడే. సన్నటి పోగులకి ఒకటి, కాస్త లావు పోగులకి ఒకటి, వెడల్పు రిబ్బన్లకి ఒకటి. సన్నది సుమారు 3 మిల్లీమీటర్లు, లావుది సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటాయి.

చేతి స్లైసర్ డమరుకం ఆకారంలో ఉంటుంది. ఒక వైపు సన్న పోగులు, రెండో వైపు లావు పోగులు వస్తాయి. ధర కొన్ని వందల్లోనే. డ్రాయర్‌లో పడేయొచ్చు, కుళాయి కింద పెట్టి అర నిమిషంలో కడిగేయొచ్చు. ఇద్దరికి రెండు కీరాలు తిప్పాలంటే నేను ఇప్పటికీ దీన్నే తీస్తాను. కానీ దాని మూతిలో పట్టేంత లావు కూర మాత్రమే పడుతుంది. చివర వేలెడు ముక్క మిగిలిపోతుంది. ఆ చివరి ముక్కని వేళ్ళతో పట్టుకుని తిప్పొద్దు, ముళ్ళున్న మూత ఇస్తారు, దానికి గుచ్చి తిప్పండి. ఆ బ్లేడ్లు చూడటానికి చిన్నవే గానీ చాలా పదునుగా ఉంటాయి. ఇంకొక ఇబ్బంది మణికట్టు. కీరా తేలిగ్గా తిరుగుతుంది. క్యారెట్ మాత్రం ప్రతి చుట్టుకీ బలం అడుగుతుంది. మా అత్తయ్యకి కీళ్ళనొప్పులు, ఒక్క క్యారెట్ కూడా తిప్పలేకపోయారు. మీ అమ్మగారే స్వయంగా చేసుకుంటానంటే ఈ సంగతి మర్చిపోవద్దు.

హ్యాండిల్ తిప్పేవాటిలో రెండు తీర్లు ఉన్నాయి. ఒకదాంట్లో కూరని అడ్డంగా పడుకోబెట్టి, తిప్పుతూ బ్లేడ్ వైపు నెడతాం. రెండోదాంట్లో కూర నిలువుగా ఉంటుంది, పైనుంచి నొక్కుతూ తిప్పుతాం. నిలువుది గట్టు మీద తక్కువ చోటు తీసుకుంటుంది, గట్టి దుంపలకి పైనుంచి బరువు బాగా పడుతుంది. అడ్డంగా ఉండేదాంట్లో పొడుగాటి ముల్లంగి, సొరకాయ ముక్క హాయిగా పడతాయి. మా ఇంట్లో ఉన్నది అడ్డందే. అందులో బ్లేడ్ మధ్యన చిన్న గొట్టం ఉంటుంది, కూర నడుమ భాగం పెన్సిల్ లావున అందులోంచి బయటికి వచ్చేస్తుంది. కొందరు దీన్ని వృథా అంటారు. కీరా విషయంలో నాకు అదే లాభం, ఎందుకంటే నీళ్ళు కార్చే గింజల భాగం చాలావరకు దాంతోపాటే పోతుంది. ఆ కాడల్ని పప్పులోనో సాంబారులోనో వేసేస్తాను.

కొట్టులో చూసి కొనేటట్టయితే చేత్తో పట్టుకుని కొన్ని పరీక్షించండి. అడుగున ఉన్న రబ్బరు కప్పులు నున్నటి గ్రానైట్ మీద పట్టుకోవాలి. కొంచెం తడి చేసి నొక్కితే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మీ గట్టు టైల్స్‌ది అయితే అతుకుల మీద పట్టవు, అప్పుడు నిలువుదే మేలు. హ్యాండిల్ ఇరుసు లోహానిది అయి ఉండాలి. మా తోడికోడలు కొన్నదానికి ఇరుసు ప్లాస్టిక్‌ది, బీట్‌రూట్ తిప్పుతుంటే పుటుక్కున విరిగింది. బ్లేడ్ పెట్టే గాడిలో బ్లేడ్ కదలకుండా కూర్చోవాలి. అది ఊగితే పోగు ఒకచోట లావు, ఒకచోట పల్చన వస్తుంది. వాడని బ్లేడ్లు పెట్టుకోవడానికి అందులోనే అర ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. కరెంటు మీద నడిచేది నేను సిఫారసు చేయను. ముగ్గురు నలుగురికి చేసుకోవడానికి దాన్ని తీసి, బిగించి, మళ్ళీ కడిగే శ్రమే ఎక్కువ.

అమ్మగారికి ఈ తిండి నచ్చుతుందో లేదో ఇంకా తెలియదంటున్నారు కాబట్టి మరో మాట. పళ్ళున్న పీలర్ ఒకటి దొరుకుతుంది, జూలియెన్ పీలర్ అంటారు. కీరా మీద పైనుంచి కిందికి లాగితే సన్నటి పొడుగు పోగులు వస్తాయి. చుట్టలు తిరగవు గానీ రుచి అదే. పెద్ద యంత్రం కొనేముందు కొన్నాళ్ళు దాంతో చేసి పెట్టి చూడండి.

ఇక క్యారెట్ రాలిపోవడం. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఒకటి. మొదటిది లావు. హ్యాండిల్ స్లైసర్‌కి కనీసం అంగుళంన్నర లావు కావాలి. సన్నటి క్యారెట్‌లో మధ్య కాడ పోగా చుట్టూ మిగిలేది ఏమీ ఉండదు, అర్ధచంద్రాకారపు ముక్కలే రాలతాయి. ఊటీ క్యారెట్‌లో పైనుంచి కిందిదాకా ఒకే లావున్నవి ఏరుకోండి. చలికాలంలో వచ్చే పొడుగాటి ఎర్ర క్యారెట్ తియ్యగా ఉంటుంది గానీ కింద కొస మరీ సన్నబడిపోతుంది, పై సగం మాత్రం తిప్పి కొస కూరలో వేయండి. రెండోది వాడిపోయిన క్యారెట్. వేలితో వంచితే వంగేది తిప్పితే తెగుతుంది. చల్లటి నీళ్ళలో అరగంట నానబెడితే మళ్ళీ బిర్రుగా అవుతుంది, అప్పుడు పోగు తెగకుండా వస్తుంది. మూడోది చివరలు. రెండు కొసలూ అడ్డంగా, సమంగా కోయాలి. ఏటవాలుగా కోస్తే కూర నడుమ నుంచి పక్కకి జరుగుతుంది, అక్కడినుంచి అన్నీ ముక్కలే. నాలుగోది తొందర. బలంగా నెట్టి నెమ్మదిగా తిప్పుతాం, నిజానికి కావలసింది దానికి సరిగ్గా తిరగేసి. తేలిగ్గా నెడుతూ ఆగకుండా ఒకే వేగంతో తిప్పాలి. వంకర కూర అయితే వంకర దగ్గర రెండు ముక్కలు చేసి విడివిడిగా తిప్పండి.

పచ్చిగా తినేటప్పుడు పోగు లావు చాలా తేడా చేస్తుంది. క్యారెట్, బీట్‌రూట్, నూల్‌కోల్ సన్న బ్లేడ్‌తోనే చేయాలి. లావుగా చేస్తే నమిలి నమిలి దవడలు నొప్పి పుడతాయి, పైన వేసిన పొడి, పులుపు లోపలికి పట్టవు. కీరాకి మాత్రం లావు బ్లేడే. సన్నగా చేస్తే కంచంలోకి వచ్చేసరికి చితికిపోతుంది. ముల్లంగి రెండు రకాలుగానూ బాగుంటుంది. జపాన్ వాళ్ళు ముల్లంగిని కత్తితో తిప్పుతూ కాగితం లాంటి పొరగా తీస్తారు, ఆ విద్యని కత్సురముకి అంటారు. ఆ పొరల్ని దొంతి పెట్టి సన్నగా తరిగి పచ్చి చేప ముక్కల పక్కన వడ్డిస్తారు. చల్లటి నీళ్ళలో కాసేపు వేస్తే ఘాటు తగ్గి కరకరలాడుతుంది, మన ముల్లంగికీ ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒక చుట్ట కొన్ని అడుగుల పొడుగు కూడా వస్తుంది కాబట్టి కలిపే ముందు కత్తెరతో జానెడు జానెడు కత్తిరించండి. లేదంటే ఒకరి కంచంలో పెడుతుంటే గిన్నెలోదంతా కలిసి వచ్చేస్తుంది.

నీళ్ళు కారడం స్లైసర్ తప్పు కాదు. కీరాలో నూటికి 95 వంతులు నీళ్ళే. పోగులుగా కోశాక ఉప్పు తగిలిందంటే ఆ నీళ్ళు బయటికి వచ్చేస్తాయి. ఆవకాయ ముక్కలు ఊరేది కూడా ఇలాగే కదా. అందుకని రెండు దారులున్నాయి. ఒకటి, కోసిన కీరాకి చిటికెడు ఉప్పు రాసి చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచి, పల్చటి గుడ్డలో మెల్లగా పిండి, తర్వాత ఇంక ఉప్పు వేయకుండా కలపడం. కారిన నీళ్ళు మజ్జిగలో పోస్తే మజ్జిగకి వేరే ఉప్పు అక్కర్లేదు. రెండోది, పోగుల్ని ఉప్పు లేకుండా ఫ్రిజ్‌లో పెట్టి, కంచం ముందు కూర్చున్నాక మాత్రమే ఉప్పు, నిమ్మరసం కలపడం. బీపీ కూడా ఉన్నవాళ్ళకి రెండోది మంచిది, తక్కువ ఉప్పుతో సరిపోతుంది. ఆఫీసుకి డబ్బా కట్టేటప్పుడు నేను పులుపు, పొడి వేరే చిన్న డబ్బాలో పెడతాను.

పైన ఏం వేయాలో మీరు అడగలేదు గానీ, చాలామంది ఈ తిండిని వారం తిరక్కుండా మానేసేది అక్కడే. సోయా సాస్, ఆలివ్ నూనె కోసం వెతకక్కర్లేదు. శ్రీరామనవమికి చేసే వడపప్పు గుర్తుచేసుకోండి. గంటసేపు నానిన పెసరపప్పు, పచ్చి మామిడి తురుము, కొబ్బరి, పచ్చిమిర్చి. వీటిని కీరా నూడుల్స్‌లో కలిపి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు వేడివేడిగా పైన వేస్తే అది పూర్తి భోజనం అవుతుంది. మామిడి లేని రోజుల్లో నిమ్మకాయ పిండుతాను. క్యారెట్‌కి వేయించిన పల్లీల పొడి, కొత్తిమీర, నిమ్మరసం. బీట్‌రూట్‌కి గట్టి పెరుగు, నువ్వుల పొడి. బీట్‌రూట్‌ని చివర్లో కలపండి, ముందే కలిపితే గిన్నెంతా ఒకే రంగు అవుతుంది. మా అత్తయ్య పచ్చి క్యారెట్ ముక్క నమలలేరు, అదే సన్న పోగులు పల్లీ పొడి, నిమ్మరసంతో పావుగంట నానితే ఇష్టంగా తింటారు.

షుగర్ గురించి జాగ్రత్తగా చెబుతాను. వంద గ్రాముల కీరాలో సుమారు 15 కేలరీలు, పచ్చి క్యారెట్‌లో సుమారు 41, బీట్‌రూట్‌లో సుమారు 43 ఉంటాయి. అన్నంతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే అన్నం పూర్తిగా మానేసి ఇదొక్కటే పెడితే రాత్రి ఆకలేస్తుంది. అంతకంటే ముఖ్యం, అమ్మగారు ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే తిండిలో పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గితే షుగర్ మరీ పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు డాక్టర్‌గారికి చెప్పండి. పెసరపప్పు, పల్లీలు, పెరుగు, గుడ్డు, ఏదో ఒకటి తప్పకుండా తోడుండాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు పచ్చి బీట్‌రూట్ ఎంత తినొచ్చో అడిగి తినాలి, రాళ్ళు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అందులో ఎక్కువ.

పచ్చిగా తింటున్నాం కాబట్టి కడగడంలో బద్ధకం వద్దు. దుంపల్ని మట్టి పోయేదాకా బ్రష్‌తో రుద్ది, పారే నీళ్ళ కింద కడిగి, చెక్కు తీసి, మళ్ళీ ఒకసారి కడుగుతాను. హైదరాబాద్ చుట్టుపక్కల, మురుగు కలిసే మూసీ నది నీళ్ళతో పండే పంటలు కూడా ఉన్నాయి, ఏ కూర ఎక్కడిదో మనకి కనిపించదు.

చేదు చూడటం మాత్రం ఎప్పుడూ మానొద్దు. దోసకాయ కోసేముందు కొస ముక్క నాలుక మీద పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. కీరా, జుకినీ, సొరకాయ, మూడింటికీ అది వర్తిస్తుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగాక చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి పరిశీలించింది. ముందు చిన్న ముక్క రుచి చూడాలని, చేదుగా ఉంటే ఆ కాయను వాడొద్దని ఆ కమిటీ చెప్పింది. కుకుర్బిటసిన్లు అనే విషపదార్థాల వల్ల ఆ చేదు వస్తుంది, ఉడికించినా పోదు. కాబట్టి ‘కూరలో వేసేద్దాంలే’ అనుకోకుండా పారేయండి.

శుభ్రం చేయడం తినకముందే అయిపోవాలి. ఆరితే బ్లేడ్ సందుల్లో పోగులు అతుక్కుపోతాయి, అప్పుడు తీయబోతే వేళ్ళు తెగుతాయి. పాత టూత్‌బ్రష్ ఒకటి దీనికే కేటాయించండి, బ్లేడ్ వెనకవైపు నుంచి పదును వైపుకి తోయండి. క్యారెట్ వల్ల ప్లాస్టిక్ పసుపు రంగు తేలితే సబ్బుతో పోదు. గుడ్డకి ఒక చుక్క వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టండి, చాలావరకు పోతుంది. బ్లేడ్ మొద్దుబారిందని కీరా ముందే చెబుతుంది, పోగు అంచు నున్నగా కాకుండా పీచుపీచుగా వస్తుంది. ఈ బ్లేడ్లకి ఇంట్లో సాన పెట్టడం కుదరదు. అందుకే కొనే రోజే ఆ మోడల్‌కి విడి బ్లేడ్లు దొరుకుతాయో లేదో అడిగి మరీ డబ్బు కట్టండి.